బిషప్ గారు లేని రోజుల్లో ఊళ్ళో చావులు: నలభయ్యో రోజు కూడిక గురించి అడిగిన బ్రదర్‌కి

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) బిషప్ గారు రిటైరై ఏడు నెలలైంది, మన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మొత్తానికి పెద్ద అయిన మోడరేటర్ గారు తాత్కాలికంగా పెట్టిన కమిసరీ గారు చూసుకుంటున్నారు. మీ పాస్టరేట్ (ఒక పాస్టర్ చూసుకునే సంఘాలు) అయ్యగారికి, అంటే పాస్టర్ గారికి, బదిలీ అయింది, పక్క పాస్టరేట్ అయ్యగారే ఇన్‌ఛార్జ్‌గా రెండు వారాలకోసారి వస్తున్నారు. ఈలోగా మిరపకోతకి వెళ్ళే ఆటో కాలువలో పడి నలుగురు ఆడవాళ్ళు పోయారు, ముగ్గురు మన సంఘం, ఒకామెది హిందూ కుటుంబం. ఇప్పుడు నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికకి, కొత్త బిషప్ ఎంపిక కోసం పంపే పేర్ల జాబితాలో, అదే ప్యానెల్‌లో, నిలబడతారని అందరూ అనుకుంటున్న ఒక అయ్యగారు తానే వచ్చి వాక్యం చెప్తానంటున్నారు, కమిటీలో సగం రమ్మంటున్నారు, సగం వద్దంటున్నారు, ఏం చేయాలని మీరు అడిగారు. కన్ఫర్మేషన్ (బిషప్ గారు తలమీద చేతులుంచి పూర్తి సభ్యులుగా స్థిరపరచడం) క్లాసు అయిపోయిన పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు, అందులో ఒకమ్మాయి తల్లి ఆ ఆటోలో ఉంది. ఇక చివర్లో ఒక్క వాక్యం రాశారు, ఆటో నడిపిన అబ్బాయి కూడా మన సంఘమే, గుడికి రావట్లేదు అని.

నేను పాస్టర్‌ని కాదు. ఇరవై ఆరేళ్ళు పాస్టరేట్ కమిటీ సెక్రటరీగా చేశాను, రెండుసార్లు డయాసిసన్ కౌన్సిల్‌కి డెలిగేట్‌గా వెళ్ళాను, బిషప్ కుర్చీ ఖాళీగా ఉన్న కాలాన్ని రెండు విడతలు చూశాను. అందులో ఒకటి ఏడాదిన్నర సాగింది. మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు తోచిన వరుసలో చెప్తాను, ఏమనుకోకండి.

బిషప్ గారు లేకపోతే ఏం ఆగుతుంది, ఏం ఆగదు అన్నది మన జనానికి సరిగా తెలియదు, దాంతోనే సగం టెన్షన్. ఆగేవి కొన్నే: కొత్త గురువుల అభిషేకాలు, పెద్ద బదిలీలు, ఆస్తుల మీద సంతకాలు. అవి కూడా పూర్తిగా ఆగవు, కమిసరీ గారి దగ్గర నెమ్మదిస్తాయి. బాప్తిస్మం ఆగదు, ప్రభువు బల్ల ఆగదు, పెళ్ళి ఆగదు, భూస్థాపన అసలే ఆగదు. మీ ఇన్‌ఛార్జ్ అయ్యగారికి గురువుగా ఉన్న అధికారం బిషప్ రిటైరైన రోజున పోలేదు. ఆయన రాలేని రోజున మీ ఉపదేశి గారు (ఊళ్ళో ప్రార్థనలు నడిపే, గురువు అభిషేకం లేని సేవకుడు) ప్రార్థన చేసి మట్టి చేయిస్తే అదేం తక్కువ కాదు. మా ఊళ్ళో పాత తరం వాళ్ళలో ఎక్కువమందికి ఉపదేశి గారే మట్టి చేయించారు, అప్పట్లో అయ్యగారు ఎడ్లబండి మీద వచ్చేసరికి రెండోరోజు అయ్యేది.

కొత్త బిషప్ ఎన్నిక ఎలా జరుగుతుందో కూడా మీ యూత్‌కి చెప్పండి, లేకపోతే వాట్సాప్‌లో వచ్చిందే నమ్ముతారు. పాస్టరేట్ల నుంచి వెళ్ళిన డెలిగేట్లు, గురువులు కలిసిన డయాసిసన్ కౌన్సిల్ కూర్చుని ఓట్లు వేసి కొన్ని పేర్లతో ప్యానెల్ పంపుతుంది. ఆ పేర్లలోంచి ఒకర్ని సినడ్ (సీఎస్‌ఐ మొత్తానికి ఉన్న పెద్ద సభ) స్థాయిలో ఎంపిక చేస్తారు. మోడరేటర్ గారు, ఇంకొందరు బిషప్పులు కలిసి చేతులుంచి అభిషేకిస్తారు. అంటే ప్యానెల్‌లో నిలబడే వాళ్ళకి ఒక్కో డెలిగేట్ ఓటూ ముఖ్యమే. మీ పాస్టరేట్ నుంచి డెలిగేట్లు ఎంతమందో లెక్కేసుకోండి, ఆయన మీ కూడికకి ఎందుకు వస్తానంటున్నారో సగం అక్కడే తెలిసిపోతుంది. మిగతా సగం నిజమైన జాలి కూడా కావచ్చు, నేను కాదనను. మనిషి మనసులో రెండూ కలిసే ఉంటాయి.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఆ ఏడాదిన్నర ఖాళీలో మా సంఘంలో ఒకే వారంలో రెండు చావులు, ఒకటి పాముకాటు, ఒకటి చిన్న పిల్లాడు జ్వరంతో. జ్ఞాపకార్థ కూడికకి ఒక అభ్యర్థి అయ్యగారి వర్గంవాళ్ళు గుడి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో అయ్యగారి ఫొటో నిలువెత్తు ఉంది, పిల్లాడి ఫొటో మూలన పాస్‌పోర్టు సైజు. పిల్లాడి నాయనమ్మ ఆ గేటు దగ్గర ఆగిపోయింది. లోపలికి రాలేదు. కూడిక అంతా బయట వేపచెట్టు కిందే కూర్చుంది, మేం పిలవడానికి వెళ్తే ఒక్క మాటే అంది, "ఎవరి కూడిక నాయనా ఇది?" అని. నేనప్పుడు సెక్రటరీని, ఆ ఫ్లెక్సీ కడుతుంటే చూసి కూడా ఊరుకున్నాను, గొడవెందుకులే అని. ఇప్పటికీ నాకు అది మింగుడుపడదు. ఫ్లెక్సీ మాత్రం తర్వాత మా వీధిలో రెండు వేసవులు వడియాలు ఎండబెట్టుకోవడానికి పనికొచ్చింది.

కాబట్టి మీ కమిటీలో రమ్మనేవాళ్ళకీ వద్దనేవాళ్ళకీ మధ్య నా సలహా ఇది. ఆయన్ని వద్దనకండి. దుఃఖంలో ఉన్న ఇంటికి వస్తానన్న మనిషిని వద్దనడం మన ఊళ్ళ పద్ధతి కాదు, పైగా వద్దంటే అదే ఇంకో వర్గానికి ఆయుధం అవుతుంది. రమ్మనండి, కానీ నలభయ్యో రోజు కాదు. ఒకరోజు ముందు గానీ తర్వాత గానీ నాలుగు ఇళ్ళకీ వెళ్ళమనండి, డ్రైవర్ ఇంటికి కూడా. ఫొటోలు వద్దు, వెంట పదిమంది వద్దు. నిజంగా జాలితో వచ్చేవాడైతే ఒప్పుకుంటారు. కాకపోతే ఆరోజు ఏదో అర్జెంట్ పని పడుతుంది, మీకూ సంగతి తేలిపోతుంది. దీన్ని కమిటీ మినిట్స్‌లో తీర్మానంగా రాయండి: కూడికలో ఇన్‌ఛార్జ్ అయ్యగారు, ఉపదేశి గారు, చనిపోయినవాళ్ళకి బాప్తిస్మమిచ్చిన పాత అయ్యగారు బతికి ఉంటే ఆయన, వీళ్ళు తప్ప ఎవరూ మైకు పట్టుకోరు, ఫ్లెక్సీలు శాలువాలు ఉండవు అని. తీర్మానం ఉంటే మీరు ఎవరికీ వ్యక్తిగతంగా చెడ్డ కానక్కర్లేదు, పుస్తకం చూపిస్తే సరిపోతుంది.

మైకు తెలిసిన ముఖాలకే ఇవ్వాలని ఊరికే అనట్లేదు. దోర్నకల్ డయాసిస్ సంగతి మనలో చాలామంది చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నదే. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ సంఘం నుంచి వచ్చిన శాఖ) మొదటి భారతీయ బిషప్. తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళాయన, తెలుగు నేర్చుకుని మాల మాదిగ పల్లెల్లో తిరిగారు. ముప్ఫై రెండేళ్ళు అదే కుర్చీలో ఉన్నారు. 1945 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, దోర్నకల్‌లోనే చనిపోయారు. ఆలోచించండి, ఆ డయాసిస్‌లో ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళెవరికీ ఆ కుర్చీలో ఇంకో మనిషి అనేవాడే తెలియదు. ఎపిఫనీ పేరుతో ఆయన కట్టించిన కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగి అప్పటికి ఆరేళ్ళే. తర్వాత వచ్చింది ఇలియట్ గారు, ఇంగ్లిష్‌వాడు. స్వాతంత్ర్యం గుమ్మంలో ఉన్న రోజుల్లో, భారతీయ బిషప్ తర్వాత మళ్ళీ తెల్లాయన ఏమిటని ఇప్పుడు చదివేవాళ్ళకి అనిపిస్తుంది. కానీ ఆయన 1935 నుంచి అజరయ్య గారి కింద సహాయ బిషప్‌గా ఉన్నవాడు. పదేళ్ళు జనం చూసిన మనిషి. తండ్రి పోయిన ఇంట్లో కొత్తవాడు వచ్చి కూర్చోవడం వేరు, బాబాయి వచ్చి కూర్చోవడం వేరు. రెండేళ్ళకే, 1947 సెప్టెంబరు 27న, సీఎస్‌ఐ ఏర్పడింది. సంఘాలు ఒక్కటి కావాలని 1919లో జరిగిన తరంగంబాడి సమావేశం నుంచి అజరయ్య గారు దేనికోసం పాటుపడ్డారో అది ఆయన చూడకుండానే వచ్చింది. దోర్నకల్ డయాసిస్‌లోంచి కృష్ణా-గోదావరి వేరయింది, ముత్యాలు గారు దానికి మొదటి బిషప్ అయ్యారు. మూడేళ్ళలో చావు, కొత్త బిషప్, కొత్త సంఘం పేరు, డయాసిస్ పంపకం, అన్నీ. అయినా పల్లెల్లో ఆదివారం గంట మోగుతూనే ఉంది. నంద్యాల వైపు చాలామంది అప్పుడు సీఎస్‌ఐలో చేరనే లేదు, ఏళ్ళ తరబడి విడిగానే ఉండి తర్వాతెప్పుడో కలిశారు. అదే నంద్యాల డయాసిస్ నుంచి 2013లో సీఎస్‌ఐ మొదటి మహిళా బిషప్ వచ్చారు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, మీ ఏడు నెలలు మీకు ఎక్కువనిపిస్తున్నాయి, నిజమే, కానీ ఈ ఇల్లు ఇంతకన్నా పెద్ద గాలులు చూసింది.

ఇంకో మాట. "కొత్త బిషప్ గారు రాగానే ఆయన చేతుల మీదుగా పెద్ద జ్ఞాపకార్థ కూడిక పెడదాం, అప్పటిదాకా ఆగుదాం" అని మీ కమిటీలో ఎవరో అన్నారని రాశారు. వద్దు. చావు ఆర్డర్ కాపీ కోసం ఆగలేదు, ఏడుపు కూడా ఆగదు. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అనే ఊరు ఉంది, అక్కడ మా మేనల్లుడు ఉద్యోగం చేస్తాడు. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోయారు, ఆంగ్లికన్ కథీడ్రల్ గోపురం కూలింది. తర్వాత 2013లో అట్ట గొట్టాలు వాడి ఒక తాత్కాలిక కథీడ్రల్ కట్టుకున్నారు, పాత గుడిని తిరిగి కట్టాలా వద్దా అన్న వాదనలోనే ఏళ్ళు గడిచాయి. బిషప్ మారారు. కొత్తాయన పీటర్ కారెల్ గారు 2019 ఫిబ్రవరి 9న అభిషేకం పొందారు. అయిదు వారాలు నిండకుండానే మార్చి 15 శుక్రవారం, రెండు మసీదుల్లో కాల్పులు, 51 మంది చనిపోయారు. వాళ్ళలో మన హైదరాబాద్ వాళ్ళు కూడా ఉన్నారు. కుర్చీలో ఇంకా సర్దుకుని కూర్చోని మనిషి మీద, అదీ తన సంఘంవాళ్ళు కాని మనుషుల చావు. మా వాడు చెప్పేది ఏమిటంటే, ఆ వారం ఎవరూ ఏ బిషప్ కోసమూ ఎదురుచూడలేదు, బొటానికల్ గార్డెన్స్ గోడ పొడవునా జనం పూలు పెట్టుకుంటూ పోయారు, తెలియని మనుషులు పక్కపక్కన నిలబడి ఏడ్చారు. కొత్త బిషప్ వచ్చినా రాకపోయినా ఊరు చేసేది ఊరు చేస్తుంది.

అక్కడి నుంచే మీ నాలుగో ఇంటి సంగతికి వస్తున్నాను. ఆ హిందూ కుటుంబం. వాళ్ళ పెద్దకర్మకి మన సంఘం నుంచి ఎవరైనా వెళ్ళారా? మీరు రాయలేదు. వెళ్ళకపోయి ఉంటే ఇప్పుడైనా మన ఆడవాళ్ళ సంఘం స్త్రీల మైత్రి నుంచి ఇద్దరు ముగ్గురు వెళ్ళి కూర్చుని రండి. పోయిన నలుగురూ ఒకే కూలి ముఠా, ఒకే చెట్టు కింద క్యారేజీలు విప్పుకున్నవాళ్ళు. కూడికలో పేర్లు చదివేటప్పుడు నాలుగు పేర్లూ చదవండి, కానీ ముందు ఆ ఇంటివాళ్ళని అడిగి. వాళ్ళు సరేనంటేనే. పిలిస్తే వస్తారు, కూర్చోబెట్టాక మతం మార్పిడి మాట ఎత్తారంటే మాత్రం ఆరోజుతో ఊళ్ళో ముఖం చెల్లదు. వాక్యం చెప్పే అయ్యగారికి ఈ విషయం ముందే గట్టిగా చెప్పండి.

పేర్లు చదవడం నాకు చాలా ముఖ్యం. మా మేనత్తది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆమె అత్తగారింట్లో ఎనిమిది మంది పోయారు. శవాలు దొరికినవి రెండే. సమాధి లేని మనుషులకి సమాధుల పండుగ ఎలా చేస్తారు? మా అత్త ఒక లెక్కల నోట్‌బుక్‌లో ఎనిమిది పేర్లూ రాసుకుంది. ఏటా నవంబరు రెండున అందరూ సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు పెడుతుంటే, ఆమె గుడి మెట్ల మీద కూర్చుని ఆ పేర్లు గట్టిగా చదివేది, చిన్న పిల్లది పసిపిల్ల, దానికి ఇంకా పేరు పెట్టలేదు, "పాప" అని చదివేది. వాక్యం ఏం చెప్పారో నాకు ఒక్క ఏడాదిదీ గుర్తులేదు, ఆ నోట్‌బుక్ మాత్రం గుర్తుంది. మీ కూడికలో ప్రసంగం పది నిమిషాలు చాలు. పేర్లు చదివి, ఒక్కో పేరు తర్వాత గంట ఒకసారి కొట్టి, కాసేపు ఊరికే ఉండండి. "దేవుని చిత్తం" అనే మాట ఎవరూ అనకుండా చూడండి. ఆ మాట నిజమో కాదో నేను వాదించను, ఇంట్లోవాళ్ళు తమకి తాము అనుకుంటే అది విశ్వాసం, బయటివాడు వచ్చి అంటే అది తలుపు మూయడం. నలభయ్యో రోజు అనేది మన ఆరాధన క్రమంలో ఎక్కడా రాసిలేదు, ప్రభువు ఆరోహణం నలభై రోజులకని పెద్దలు పెట్టుకున్న అలవాటు, కాబట్టి ఇలాగే జరపాలని ఎవరైనా రూల్ మాట్లాడితే భయపడకండి.

కన్ఫర్మేషన్ విషయం. కమిసరీ గారు తానే బిషప్ అయితే ఆయనే వచ్చి చేతులుంచుతారు, కాకపోతే వేరే బిషప్ గారిని రప్పించే ఏర్పాటు చేస్తారు. మీరు చేయాల్సింది కమిటీ తీర్మానంతో, పిల్లల జాబితాతో డీనరీ (కొన్ని పాస్టరేట్లు కలిసిన విభాగం) ఛైర్మన్ గారి ద్వారా ఉత్తరం పంపడం. నేరుగా ఫోన్ చేసి సిఫార్సు పట్టకండి, తర్వాత అదీ ఎన్నికల లెక్కలో పడుతుంది. తేదీ మాత్రం ఆ అమ్మాయిని అడిగి పెట్టండి. పదిహేనేళ్ళ పిల్లని ఎవరూ అడగరు, అదే మన జబ్బు. కన్ఫర్మేషన్‌కి తెల్లచీర తల్లి కొని ఉంచిందని రాశారు కదా. ఆ పిల్ల ఇప్పుడే తీసుకుంటానంటే ఇప్పుడే, ఏడాది ఆగుతానంటే ఏడాది. ఆమె ఒక్కదాని కోసం మిగతా పదమూడు మందిని ఆపక్కర్లేదు, ఆమెని తొందరపెట్టక్కర్లేదు.

ఇక కాగితాలు, డబ్బు. ఏడుపులో ఇవి మాట్లాడటం బాగోదంటారు గానీ, మాట్లాడకపోతే నష్టపోయేది ఆ ఇళ్ళే. మరణం పంచాయతీలో నమోదైందా చూడండి, 21 రోజుల్లోపు అయితే సులువు, దాటితే ఫీజు, ఆలస్యం, తిరుగుడు. మన భూస్థాపన రిజిస్టర్ నకలు ప్రభుత్వ సర్టిఫికెట్‌కి బదులు కాదు, చాలామంది అదే పట్టుకుని తిరుగుతారు. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్ట్ కాపీలు ప్రతి ఇంటికీ విడిగా తీయించండి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా. ప్రమాద నష్టపరిహారం కేసు ఆరు నెలల్లోపు వేయించండి, ఎవరో ఏజెంట్ వచ్చి ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు అడిగితే వేయొద్దని నాలుగు ఇళ్ళలోనూ చెప్పండి. సంఘంలో వసూలైన సహాయం కానుకల లెక్కలో కలపకండి. విడిగా, రెండు సంతకాలతో, ఎవరికి ఎంత ఇచ్చారో ఆదివారం అనౌన్స్‌మెంట్లలో చదవండి. బిషప్ లేని కాలంలో డబ్బు మీద పుకారు పుడితే దాన్ని చంపే పెద్ద ఎవరూ ఉండరు.

ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో బిషప్ పేరు చోట ఏమనాలి అని కూడా అడిగారు. మోడరేటర్ గారి పేరు, కమిసరీ గారి పేరు చెప్పండి. మా దగ్గర అప్పుడు విజ్ఞాపన చదివే తాత ఒకాయన అలవాటులో రిటైరైన బిషప్ గారి పేరే చదివేవాడు, ఎనిమిది నెలలు. ఎవరం సరిచేయలేదు. రిటైరైనాయనకి కూడా ప్రార్థన అవసరమే కదా.

చివరికి మీరు ఒక్క లైన్‌లో రాసి వదిలేసిన అబ్బాయి. మీ ఉత్తరం అంతటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. పదకొండు మందిని ఎక్కించాడు, తప్పే, ఆ తప్పు సంగతి పోలీసులు, కోర్టు చూసుకుంటాయి, దాన్ని మీరు మాఫీ చేయనూ కూడదు, చేయలేరు కూడా. కానీ ఆరుగురే ఎక్కే ఆటోలో పదకొండు మంది ఎక్కితేనే కూలి గిట్టుబాటయ్యేది, అది ఊరంతటికీ తెలుసు, రోజూ చూస్తూ ఎవరం ఆపలేదు. అతను గుడికి రావట్లేదంటే దేవుడి మీద అలిగి కాదు, రెండో వరసలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక. నలభయ్యో రోజున రమ్మని కబురు పంపకండి. అందరి కళ్ళూ అతని మీదే ఉంటాయి, చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళకీ అది అన్యాయం. ఆ ఇళ్ళవాళ్ళలో ఎవరికైనా అతని మీద కోపం ఉంటే ఆ కోపాన్ని కూడా ఉండనివ్వండి, తొందరపడి క్షమాపణ సీను పెట్టకండి.

శనివారం పొద్దుపోయాక మీరూ ఉపదేశి గారూ ఇద్దరే వాళ్ళింటికి వెళ్ళండి. బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళొద్దు. అరుగు మీద కూర్చోండి. అతను బయటికి రాకపోవచ్చు, వాళ్ళమ్మ వస్తుంది. ఈ నెలలో ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా తాగి ఉండరు. ఆమె గ్లాసు తెచ్చి ఇస్తే అడిగి రెండోసారి కూడా పోయించుకుని తాగండి. తర్వాత ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.